ఒకే మనిషి, మూడు కుర్చీలు



శ్రీహరికోటలో రాకెట్ ఎగిరిన రోజు టీవీలో మాట్లాడే పెద్దాయన్ని మనం ఇస్రో ఛైర్మన్ అంటాం. ప్రయోగానికి ముందు సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుంటే, మర్నాడు పేపర్లో ఆ ఫొటో కింద కూడా ఇస్రో ఛైర్మన్ అనే రాస్తారు. కానీ ఢిల్లీ లెక్కలో ఆయన హోదా వేరు. ఆయన భారత ప్రభుత్వ అంతరిక్ష శాఖ కార్యదర్శి. ఐఏఎస్‌లో చేరినవాళ్లు ముప్పై ఏళ్ల పైన నౌకరీ చేశాక, అదీ అందరూ కాదు, కొందరే చేరుకునే మెట్టు అది. ఇంకా పైన, దేశ అంతరిక్ష విధానం చూసే అంతరిక్ష కమిషన్ అని ఒకటుంది. దానికీ అధ్యక్షుడు ఆయనే.

ఈ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో చూడండి. ఇస్రో ఛైర్మన్‌గా ఆయన ఒక ప్రతిపాదన పంపుతారు. శాఖ కార్యదర్శిగా ఆయనే దాన్ని అందుకుంటారు. కమిషన్ అధ్యక్షుడిగా మళ్లీ ఆయనే దాన్ని చర్చకు పెడతారు. ఇస్రో ప్రధాన కార్యాలయమూ, శాఖ సచివాలయమూ రెండూ బెంగళూరులో అంతరిక్ష భవన్‌లోనే ఉన్నాయి. ఉత్తరం తనకు తానే రాసుకుని, తానే చదువుకుని, తానే జవాబివ్వడమన్నమాట. మామూలు శాఖలో ఇలాంటి ఏర్పాటుంటే ఆడిట్‌వాళ్లు ముందు దాని మీదే పడతారు. ఇక్కడ మాత్రం యాభై ఏళ్లుగా ఇదే పద్ధతి. ఈ పద్ధతిలోంచే చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర దిగిన వ్యోమనౌక వచ్చింది, దేశం పరువు తీసిన ఒక ఒప్పందమూ వచ్చింది. ఇవాళ ఆ పద్ధతి గురించే మాట్లాడుకుందాం.

అందులో వింతేమిటో తెలియాలంటే మామూలు శాఖ ఎలా నడుస్తుందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా శాఖలకు పైన రెండు అంతస్తులుంటాయి. ఒకటి సచివాలయం. మంత్రి, ఆయన కింద ప్రిన్సిపల్ సెక్రటరీ, ఆ కింద సంయుక్త, ఉప కార్యదర్శులు, సెక్షన్ ఆఫీసర్లు. రెండోది శాఖాధిపతి కార్యాలయం. అక్కడ కమిషనరో డైరెక్టరో ఉంటారు. జిల్లాల్లో పనిచేసే యంత్రాంగమంతా ఆయన చేతికిందే. విధానం సచివాలయానిది, అమలు శాఖాధిపతిది. ఈ విభజన వెనక ఒక తెలివి ఉంది. పని చేసేవాడు తన పనికి తానే మార్కులు వేసుకోకూడదు. మార్కులు వేసేవాడు రోజువారీ పనిలో కూరుకుపోకూడదు.

కాగితం మీద బాగానే ఉంటుంది. ఆచరణకొచ్చేసరికి, పాతికేళ్లు ఒకే రంగంలో పనిచేసి డైరెక్టరైన మనిషి పంపిన ప్రతిపాదన మీద సచివాలయంలో మొదటి నోట్ రాసేది అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరు. ఆ నోట్ మెట్టు మెట్టుగా పైకెక్కాలి. డబ్బుతో పని ఉంటే ఆర్థిక శాఖకు వెళ్లాలి. అక్కడ కొర్రీ పడుతుంది. ఆ కొర్రీకి జవాబు రాయమని ఫైలు మళ్లీ డైరెక్టరు బల్ల మీదికే వస్తుంది. జవాబు వెళ్లేసరికి కార్యదర్శికి బదిలీ అయిపోయి ఉంటుంది. కొత్తగా వచ్చినాయన ఫైలు మీద 'చర్చించండి' అని ఒక్క మాట రాస్తారు. అంతే, కథ మళ్లీ మొదటికి. సచివాలయంలో పనిచేసే మిత్రులు నా మీద కోపం తెచ్చుకోవద్దు. వాళ్లు ఈ సంగతి నాకంటే బాగా, నాకంటే నవ్వొచ్చేలా చెప్పగలరు. అధికారికి ఒక కుర్చీలో కనీస కాలం ఉండనివ్వాలని, బదిలీల విషయం చూడడానికి సివిల్ సర్వీసెస్ బోర్డులు పెట్టాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ కేసు వేసినవాళ్లలో మొదటి పేరు టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్‌ది. ఆయన స్వయంగా కేబినెట్ కార్యదర్శిగా పనిచేసినవారు. లోపల జరిగేదంతా చూశాకే కోర్టు మెట్లెక్కారు.

ఈ అవస్థ తమకు వద్దని మొదట పట్టుబట్టింది అణుశక్తి శాస్త్రవేత్తలు. హోమీ భాభా పట్టుదల గురించి మీరు వినే ఉంటారు. శాస్త్ర పరిశోధనను దఫ్తరు పద్ధతుల్లో నడపడం కుదరదని ఆయన గట్టి నమ్మకం. నెహ్రూకి ఆయన మీద అంతకంటే గట్టి నమ్మకం. 1948లో అణుశక్తి కమిషన్ ఏర్పడింది. 1954 ఆగస్టులో అణుశక్తి శాఖ పుట్టింది. దానికి కార్యదర్శి ఐఏఎస్ కాదు, భాభాయే. మంత్రి ఎవరంటే ప్రధానమంత్రి. శాఖ ప్రధాన కార్యాలయం ఢిల్లీలో కాదు, బొంబాయిలో. ఈ మూడూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నవే. పని తెలిసినవాడు కార్యదర్శి కావాలి. ఆయనకూ ప్రధానికీ మధ్య ఇంకో మంత్రి ఉండకూడదు. ఢిల్లీ గాలి రోజూ తగలనంత దూరంలో ఆఫీసు ఉండాలి.

1958 మార్చి 1న ప్రభుత్వం ఒక తీర్మానం చేసింది. అణుశక్తి కమిషన్ అధికారాలు ఏమిటో అందులో ఉన్నాయి. శాఖ కార్యదర్శి ఎవరైతే వారే కమిషన్‌కు పదవిరీత్యా అధ్యక్షుడు. సభ్యులందరూ ఒకవైపున్నా అధ్యక్షుడు వాళ్ల మాట తోసిపుచ్చవచ్చు. ఇంతవరకు వింటే ఇది నియంతృత్వంలాగే ఉంది. అయితే అక్కడే ఇంకో వాక్యం ఉంది. ప్రభుత్వ కాగితాల్లో నాకు బాగా నచ్చిన వాక్యాల్లో అదొకటి. దాని సారం చెబుతాను. కమిషన్‌లో ఆర్థిక వ్యవహారాలు చూసే సభ్యుడు ఒకరుంటారు. డబ్బుకు సంబంధించిన విషయంలో ఆయనకు అధ్యక్షుడితో ఒప్పుదల లేకపోతే, ఆ విషయాన్ని ప్రధానమంత్రికీ ఆర్థికమంత్రికీ పంపాలని అడిగే హక్కు ఆయనకుంది.

ఇందులో నేర్పు ఎక్కడుందో ఆలోచించండి. ఆర్థిక సభ్యుడికి 'కాదు' అనే అధికారం ఇవ్వలేదు. ఇచ్చుంటే మళ్లీ కొర్రీల రాజ్యమే. 'వద్దు' అనే బదులు 'పైవాళ్లకు చూపిద్దాం' అనే హక్కు ఇచ్చారు. అధ్యక్షుడు తప్పు చేస్తున్నాడని ఆయనకు నిజంగా అనిపిస్తేనే ఆ హక్కు వాడతాడు. చిన్న చిన్న ఖర్చులకు ప్రధాని తలుపు తట్టడు. అధ్యక్షుడూ ఊరికే ప్రధాని ముందు పంచాయితీ పెట్టించుకోడు, కాబట్టి ముందే మాట్లాడుకుని సర్దుబాటు చేసుకుంటాడు. ఆర్థిక శాఖ వేరే భవనంలో కూర్చుని రాసే ప్రశ్న ఇక్కడ ఒకే బల్ల చుట్టూ ఎదురెదురుగా కూర్చుని అడిగే ప్రశ్న అవుతుంది. రాష్ట్రాల్లో భారీ ప్రాజెక్టులు చేసే శాఖలకు ఇలాంటి సభ్యుడొకరుంటే ఎంత కాలం కలిసొస్తుందోనని నాకు తరచూ అనిపిస్తుంది.

ఇక అంతరిక్షం సంగతి. మొదట్లో రాకెట్ల పని అణుశక్తి శాఖలోనే ఒక మూల జరిగేది. 1962లో విక్రమ్ సారాభాయ్ ఆధ్వర్యంలో ఒక కమిటీ వేశారు. 1963 నవంబరు 21న తుంబా నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో పోయారు. దాంతో అణుశక్తి బాధ్యత కూడా సారాభాయ్ మీదే పడింది. 1969 ఆగస్టు 15న ఇస్రో పుట్టింది. ఆయన అణు రియాక్టర్లూ చూడాలి, రాకెట్లూ చూడాలి, అహ్మదాబాద్‌లో తన ప్రయోగశాలా చూసుకోవాలి. 1971 డిసెంబరు 30న కోవళంలో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 52. ఒక మనిషి నెత్తిన ఎంత పెట్టవచ్చో ఢిల్లీకి అప్పుడు అర్థమైనట్టుంది. అణువునూ అంతరిక్షాన్నీ విడదీశారు. కొన్ని నెలలు ఎం.జి.కె. మీనన్ ఇస్రో బాధ్యత చూశారు. 1972 జూన్‌లో అంతరిక్ష శాఖ, అంతరిక్ష కమిషన్ ఏర్పడ్డాయి. అచ్చు మాత్రం అణుశక్తి శాఖదే.

ఆ శాఖను నడపడానికి ప్రధాని ఇందిరాగాంధీ పిలిచింది సతీశ్ ధవన్‌ని. ఆయన అప్పుడు అమెరికాలో, కాల్టెక్‌లో ఉన్నారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరు. వస్తానన్నారు, కానీ షరతులతో. ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు పదవి వదలనన్నారు. అంతరిక్ష శాఖ ప్రధాన కార్యాలయం బెంగళూరులోనే ఉండాలన్నారు. రెంటికీ ఆమె ఒప్పుకున్నారు. భారత ప్రభుత్వ శాఖ ఒకటి బెంగళూరులో ఎందుకుందని ఎవరైనా అడిగితే, ఒక ప్రొఫెసరు తన కాలేజీ వదిలి రానన్నాడు కాబట్టి అని జవాబు చెప్పవచ్చు. ఢిల్లీలో ఆ శాఖకు చిన్న శాఖా సచివాలయం మాత్రం ఉంది. పార్లమెంటు ప్రశ్నలకు జవాబులివ్వాలి కదా.

కమిషన్‌లో శాస్త్రవేత్తలే కూర్చుంటారనుకుంటే పొరపాటు. కేబినెట్ కార్యదర్శి, ప్రధాని ప్రిన్సిపల్ సెక్రటరీ లాంటివాళ్లు కూడా సభ్యులే. ఆర్థిక సభ్యుడు సరేసరి. ఒకే అధికారి అణు, అంతరిక్ష కమిషన్లు రెంటికీ ఆర్థిక సభ్యుడిగా ఉన్న సందర్భాలున్నాయి. అంటే మామూలుగా ఒక ఫైలు మీద వేర్వేరు నెలల్లో, వేర్వేరు భవనాల్లో సంతకాలు పెట్టాల్సిన మనుషుల్ని ముందే ఒక గదిలో కూర్చోబెట్టారు. శ్రీహరికోటలో మూడో ప్రయోగ వేదిక కట్టడానికి 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 3,984 కోట్ల పైచిలుకు మంజూరు చేసింది. ఇంత పెద్ద మొత్తం మంత్రివర్గం దాకా వెళ్లాల్సిందే. కాకపోతే అక్కడికి చేరే ముందే అడగాల్సిన ప్రశ్నలు అడిగేవాళ్లు కమిషన్‌లో ఉంటారు.

కార్యదర్శి కింద ఏముందో కూడా చెప్పాలి. ఇస్రో కేంద్రాలు దేశమంతా ఉన్నాయి. తిరువనంతపురంలో రాకెట్లు, బెంగళూరులో ఉపగ్రహాలు, అహ్మదాబాద్‌లో వాటి లోపలి పరికరాలు, మహేంద్రగిరిలో ఇంజన్ల పరీక్షలు. మన హైదరాబాద్‌లో ఉపగ్రహ చిత్రాలను విశ్లేషించే జాతీయ కేంద్రం ఉంది. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణ పరిశోధనశాల ఉంది. ప్రతి కేంద్రానికీ ఒక డైరెక్టరు. ఈ డైరెక్టర్లతో ఇస్రో కౌన్సిల్ అని ఒకటుంది. ఒక్కో ప్రయోగానికి మళ్లీ ప్రాజెక్టు డైరెక్టరు, మిషన్ డైరెక్టరు వేరు. ఉద్యోగరీత్యా తనకంటే పెద్దవాళ్లున్న కేంద్రాల నుంచి కూడా పని రాబట్టాల్సింది ఆ ప్రాజెక్టు డైరెక్టరే. మన దఫ్తర్లలో ఊహించడం కూడా కష్టం.

శ్రీహరికోట చుట్టుపక్కల విలేకరులు ప్రతి ప్రయోగానికీ తప్పకుండా రాసే వాక్యం ఒకటుంది. మిషన్ రెడీనెస్ రివ్యూ సమావేశం ముగిసింది, ప్రయోగ బాధ్యతను లాంచ్ ఆథరైజేషన్ బోర్డుకు అప్పగించారు, అని. మనం ఆ వాక్యాన్ని దాటేసి కౌంట్‌డౌన్ ఎప్పుడో చూసుకుంటాం. నిజానికి పాలన దృష్టితో చూస్తే అసలు వార్త అదే. ఆ బోర్డుకు సాధారణంగా అధ్యక్షత వహించేది శ్రీహరికోట ప్రయోగ కేంద్రం (షార్) డైరెక్టరు. మూడు కుర్చీల పెద్దాయన పక్కనే కూర్చున్నా రాకెట్‌ను వదలవచ్చునని చెప్పాల్సింది ఆ బోర్డు.

2019 జూలై 15న ఏం జరిగిందో గుర్తుందా? చంద్రయాన్-2 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు బయల్దేరాలి. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చూడ్డానికి శ్రీహరికోట వచ్చి ఉన్నారు. దేశమంతా టీవీల ముందుంది. ఇంకా 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా గడియారం ఆగిపోయింది. రాకెట్‌లో సాంకేతిక లోపం కనిపించిందన్నారు. ఆ రాత్రికి ప్రయోగం లేదన్నారు. రాష్ట్రపతి వెనుదిరిగారు. వారం తరువాత, 22న, అదే రాకెట్ చక్కగా వెళ్లింది. రాష్ట్రపతి వచ్చిన రోజున కార్యక్రమం ఆపగలిగిన ప్రభుత్వ శాఖలు మనకు ఎన్ని ఉన్నాయి? మంత్రి వస్తున్నాడంటే సగం ఎండిన వంతెనకే రిబ్బను కట్టే దేశం మనది.

ఈ సంస్కారం ఊరికే రాలేదు. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం. చివరి నిమిషాల్లో కంప్యూటర్ వద్దని ఆపింది. నిపుణులు చూసి ఫరవాలేదన్నారు. ప్రాజెక్టు నడిపిన అబ్దుల్ కలాం కంప్యూటర్‌ను పక్కన పెట్టి రాకెట్‌ను వదిలారు. అది బంగాళాఖాతంలో పడింది. ఆ తరువాత విలేకరుల ముందు ధవన్ తానే నిలబడి బాధ్యత తీసుకున్నారన్నదీ, మరుసటి ఏడాది గెలిచినప్పుడు కలాంను ముందుకు పంపారన్నదీ మీకు తెలిసిన కథే. కలాంగారే చాలా సభల్లో చెప్పారు. అందరూ దాన్ని మంచి నాయకుడి గుణంగా చెబుతారు. నిజమే. కానీ ధవన్ ఒక్క సంస్థకే పెద్ద అయ్యుంటే ఆ పని అంత తేలికయ్యేది కాదేమో. పైన సంజాయిషీ అడిగే కార్యదర్శి ఇంకొకరుంటే, ఆ కార్యదర్శికి ఒక మంత్రి ఉంటే, మర్నాడే విచారణ కమిటీ, బాధ్యుడి బదిలీ. ధవన్‌కు పైన ప్రధాని తప్ప ఎవరూ లేరు. తన కింది మనిషిని కాపాడే స్తోమత ఆయనకు కుర్చీ ఇచ్చింది. మూడు కుర్చీలు ఒకరికివ్వడం వల్ల జరిగిన మేలు ఎక్కడైనా ఉందంటే, అదిగో, అక్కడ.

2023 అక్టోబరు 21న గగన్‌యాన్ కోసం చేసిన పరీక్షలో కూడా కంప్యూటర్ ఆపింది, అదీ అయిదు సెకన్లుందనగా. ఈసారి ఎవరూ కంప్యూటర్‌ను కాదనలేదు. కారణం కనుక్కుని, సరిచేసి, అదే ఉదయం పది గంటలకు వదిలారు.

మేలు చూశాం, ఇప్పుడు చేదు సంగతికి వద్దాం.

ఇస్రో సేవలను అమ్ముకోవడానికి 1992లో యాంట్రిక్స్ అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. 2005 జనవరి 28న ఆ కంపెనీ బెంగళూరులోని దేవాస్ అనే ప్రైవేటు సంస్థతో ఒప్పందం చేసుకుంది. రెండు ఉపగ్రహాలు ఇస్రో కట్టాలి, వాటిలో అధిక భాగం సామర్థ్యాన్ని దేవాస్‌కు పన్నెండేళ్లు ఇవ్వాలి. దానితోపాటు ఎస్-బ్యాండ్ తరంగాలూ వెళ్తాయి. ఆ తరంగాల విలువ ఎంతో అప్పటికి చాలామందికి తట్టలేదు. ఉపగ్రహం కోసం డబ్బు అడుగుతూ కేబినెట్‌కు పంపిన నోట్‌లో ఈ ఒప్పందం ఊసే లేదని తరువాత తేలింది. ఆరేళ్లకు, 2011 ఫిబ్రవరిలో, ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. అక్కణ్నుంచి అంతర్జాతీయ మధ్యవర్తిత్వాలు, వందల మిలియన్ల డాలర్ల తీర్పులు, విదేశీ కోర్టుల్లో మన ప్రభుత్వం మీద దావాలు. 2022 జనవరిలో మన సుప్రీంకోర్టు ఆ వ్యవహారం మొదలే మోసంతో మొదలైందని, దేవాస్‌ను మూసేయడం సబబేనని చెప్పింది. విదేశాల్లో ఆ తగాదా తరువాత కూడా సాగింది.

ఎవరు దోషులు, ఎవరు కారు అన్నది కోర్టుల పని. నేనందులోకి పోను. నిర్మాణం వైపు మాత్రం చూడండి. ఒప్పందం చేసుకున్నప్పుడు యాంట్రిక్స్ అధ్యక్షుడు, ఉపగ్రహం కట్టే ఇస్రో అధ్యక్షుడు, అనుమతి తీసుకొచ్చే శాఖ కార్యదర్శి, పరిశీలించే కమిషన్ అధ్యక్షుడు అంతా ఒక్కరే. ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ పురోహితుడూ ఒకే ఇంటివాళ్లయితే లాంఛనాల లెక్క ఎవరూ పైకి చదవరు. ఆర్థిక సభ్యుడి హక్కు ఇక్కడ ఎందుకు అక్కరకు రాలేదంటారా? తన ముందుకొచ్చిన కాగితం మీదే కదా ఆయన మాట్లాడగలడు. కాగితంలో లేని సంగతి మీద ఎవరికి ఎంత హక్కుంటే ఏం లాభం? మామూలు శాఖలో విసిగించే ఆ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరు ఉన్నాడే, 'ఈ ఉపగ్రహం ఎవరికోసం?' అని అమాయకంగా ఒక కొర్రీ వేసుండేవాడేమో. కొర్రీకి కూడా ఒక విలువ ఉందని ఒప్పుకోక తప్పదు.

ఇంకో మార్పు నెమ్మదిగా వచ్చింది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. ధవన్ పన్నెండేళ్లు పనిచేశారు. ఆయన తరువాత యు.ఆర్. రావు పదేళ్లు, కస్తూరిరంగన్ తొమ్మిదేళ్లు. 1972 నుంచి 2003 దాకా 31 ఏళ్లకు ముగ్గురు. అక్కణ్నుంచి 2025 జనవరి దాకా, మధ్యలో కొద్దిరోజులు బాధ్యత చూసినవారిని వదిలేస్తే, అయిదుగురు. చివరి ముగ్గురూ ఒక్కొక్కరు మూడు, నాలుగేళ్లే. ఇప్పటి ఛైర్మన్ నారాయణన్‌ను నియమించింది రెండేళ్లకు. సొంత క్రయోజనిక్ ఇంజన్ పని 1994లో మొదలైతే, 2010లో ఒకసారి దెబ్బతిని, 2014 జనవరి 5న విజయవంతంగా ఎగిరింది. ఇరవై ఏళ్ల పని అది. మూడేళ్ల ఛైర్మన్ తాను మొదలుపెట్టినదాన్ని పూర్తయ్యేదాకా చూడలేడు, పూర్తయినదాన్ని మొదలుపెట్టి ఉండడు. మూడు కుర్చీలు ఒకరికే ఇవ్వడానికి చెప్పిన కారణాల్లో పెద్దది నిలకడ. కుర్చీల సంఖ్య అలాగే ఉంది, నిలకడ మాత్రం సన్నగిల్లింది. పదవీ విరమణ వయసుకు దగ్గరైనవాళ్లనే ఎంపిక చేస్తే ఇంతకంటే ఏమవుతుంది? ఇంకో మాట కూడా అనాలి. ఇస్రోలో స్త్రీలు ప్రాజెక్టు డైరెక్టర్లయ్యారు, మిషన్ డైరెక్టర్లయ్యారు. పై కుర్చీలో ఇంతవరకు ఒక్కరూ కూర్చోలేదు.

ఇప్పుడు ఈ రంగంలోకి ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. మన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ అనే చిన్న రాకెట్‌ను శ్రీహరికోట నుంచే ఎగరేసింది. దేశంలో ప్రైవేటు సంస్థ ఎగరేసిన మొదటి రాకెట్ అది. ఇలాంటివాళ్లకు అనుమతులిచ్చేది ఎవరు? ఇస్రోయే ఇస్తే, రేపు తనకు పోటీ వచ్చేవాడికి తానే లైసెన్సు ఇచ్చినట్టు. అందుకని 2020 జూన్‌లో ఇన్-స్పేస్ అనే సంస్థకు కేబినెట్ ఆమోదం ఇచ్చింది. దాని కార్యాలయం అహ్మదాబాద్‌లో. మొదటి అధ్యక్షుడు ఇస్రో మనిషి కాదు, పరిశ్రమ నుంచి వచ్చిన పవన్ గోయెంకా. వాణిజ్య వ్యవహారాలకు అంతకుముందే, 2019లో, న్యూస్పేస్ ఇండియా అనే ప్రభుత్వ కంపెనీ పెట్టారు. 2023లో వచ్చిన అంతరిక్ష విధానం ఎవరి పని ఏమిటో విడదీసి రాసింది. ఇస్రో పరిశోధన చూసుకోవాలి, అమ్మకం న్యూస్పేస్‌ది, అనుమతి ఇన్-స్పేస్‌ది.

దేవాస్ పాఠం ఇన్నాళ్లకు తలకెక్కిందని సంతోషించవచ్చు. నాకు మాత్రం సగం సంతోషమే. ఎందుకంటే ఇన్-స్పేస్ కూడా అంతరిక్ష శాఖలోనే ఉంది. న్యూస్పేస్ కూడా అంతరిక్ష శాఖ కిందే ఉంది. ఆ శాఖ కార్యదర్శి ఎవరో మళ్లీ చెప్పక్కర్లేదు. కుర్చీలు విడివిడిగా వేశారు, గది మాత్రం ఒకటే. పైగా ఇన్-స్పేస్ పార్లమెంటు చట్టంతో పుట్టింది కాదు, ప్రభుత్వ నిర్ణయంతో పుట్టింది. అలా పుట్టినదాన్ని అలాగే మార్చేయవచ్చు.

ఈ అచ్చు పోసిన అణుశక్తి శాఖలో కూడా సరిగ్గా ఇదే జరిగింది. రియాక్టర్ల భద్రత చూడడానికి 1983లో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టారు. అప్పట్లో అది నివేదించుకోవాల్సింది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ అధ్యక్షుడు రియాక్టర్లు కట్టే శాఖకు కార్యదర్శి. ఇదేం స్వతంత్రత అని 2012లో కాగ్ నివేదిక గట్టిగానే ప్రశ్నించింది. అంతకు ముందు ఏడాది, ఫుకుషిమా ప్రమాదం తరువాత, స్వతంత్ర నియంత్రణ సంస్థ కోసం పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు. ఆ లోక్‌సభ గడువుతోపాటు ఆ బిల్లూ చెల్లిపోయింది. నియంత్రణ సంస్థను తన కిందే ఉంచుకోవాలన్న ఆశ ఏ శాఖకూ తేలిగ్గా చావదు. అందులో దురుద్దేశం ఉండనక్కర్లేదు. మా పని మాకే తెలుసు అన్న ధీమా చాలు. ఆ ధీమా భాభా రోజుల్లో ఈ సంస్థలను నిలబెట్టింది. అనుమతులిచ్చే దగ్గర మాత్రం అది పనికిరాదు.

కార్యదర్శి, ఇస్రో ఛైర్మన్, కమిషన్ అధ్యక్షుడు ఒక్కరే కావడం మీద నాకు అభ్యంతరం లేదు. పని తెలిసినవాడు కార్యదర్శి కావడం ఈ దేశంలో అరుదుగా జరిగిన మంచి. దాన్ని పోగొట్టుకుని, రేపు ఎవరో జౌళి శాఖ నుంచి బదిలీ మీద వచ్చి అంతరిక్ష కార్యదర్శి అయితే రాకెట్లు లేవడం మానవు గానీ, రాష్ట్రపతి వచ్చిన రాత్రి కౌంట్‌డౌన్ ఆపే ధైర్యానికి వెన్నుదన్ను పోతుంది. నా అభ్యంతరమల్లా నాలుగో కుర్చీ మీద, అయిదో కుర్చీ మీద. అనుమతులిచ్చేదీ, అమ్మకాలు చూసేదీ ఆయన నీడలో ఉండకూడదు.

అంతరిక్ష కార్యకలాపాల బిల్లు అని ఏళ్లుగా వింటున్నాం. 2017లో ఒక ముసాయిదాను ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు కూడా అడిగారు. ఆ బిల్లు పార్లమెంటుకు వచ్చిన రోజున పేపర్లు పెట్టుబడుల గురించి, రాకెట్ల సంఖ్య గురించి రాస్తాయి. మీకు ఓపిక ఉంటే వాటిని పక్కన పెట్టి ముందు ఒక్క క్లాజు వెతకండి. అనుమతులిచ్చే సంస్థ అధ్యక్షుణ్ణి ఎవరు నియమిస్తారు, ఎన్నేళ్లకు, మధ్యలో తీసేయాలంటే ఎవరి సంతకం కావాలి అన్నది. ఆ సంతకం అంతరిక్ష శాఖ కార్యదర్శిదే అని ఉంటే, మిగతా పేజీలు తీరిగ్గా చదువుకోవచ్చు.